ఎలుగుబంటి జెండా

నాన్న గురించి రాసేటప్పుడు ‘అన్నారు’, ‘వచ్చారు’ అని రాయడం మర్యాదని నాకు తెలుసు. బడిలో అలాగే నేర్పారు, ఇంట్లో అలాగే పెంచారు. ఈ కథలో మాత్రం ‘అన్నాడు’ అనే రాస్తాను. ఎవరికైనా నచ్చకపోతే ఆ వానాకాలం మా ఇంటి ముందుగదిలో ఓ మూల కూర్చుని ఉంటే వాళ్ళకే తెలిసేది.

మా ఇంటి పని ఏమిటో చెబితే కొత్తవాళ్ళు ముందు నవ్వుతారు. మేం బొమ్మ సైనికులను చేస్తాం. పిల్లలు ఆడుకునేవి కావు. తల నెరిసిన పెద్దమనుషులు మేడమీద గదిలో పెద్ద బల్ల వేసుకుని, దానిమీద కొండలూ వాగులూ పేర్చుకుని, పద్దెనిమిదో శతాబ్దపు యుద్ధాలను మళ్ళీ ఆడుకుంటారు. వాళ్ళ సైనికుడు నిలబడితే చూపుడువేలిలో సగం ఉంటాడు. కోటు మడత రంగు, టోపీ అంచు, బొత్తాల వరస, అన్నీ ఆనాటి సైన్యంలో ఎలా ఉండేవో అలాగే ఉండాలి. ఒక్కటి తేడా వచ్చినా ఆ పెద్దమనుషులు పసిపిల్లలకన్నా ఎక్కువ పేచీ పెడతారు. వెనక వరండాలో సీసం కరిగించి అచ్చుల్లో పోసి, బొమ్మలకు రంగులు వేసే పని మా అన్నయ్యది. జెండాలు నావి. నాకు ముందు నాన్నవి. చేతులు వణకడం మొదలయ్యాక ఆయన కుంచె వదిలేసి భూతద్దం పట్టాడు.

భూతద్దం కుంచెకన్నా పెద్ద ఆయుధం. నేను తపాలా బిళ్ళంత కాగితం మీద, ఊపిరి బిగబట్టి, రాజుగారి కిరీటంలో ముత్యాలు పెట్టి, ఆరాక తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టేదాన్ని. ఆయన కిటికీ వైపు తిరిగి చూసేవాడు. బాగుంటే పక్కన పెట్టేవాడు, మాట ఉండదు. బాగాలేకపోతే చింపేవాడు, అప్పుడూ మాట ఉండదు. నీలం ఒక ఛాయ ముదిరిందని చింపాడు. సింహం తోక మెలిక ఒకటి తగ్గిందని చింపాడు. ఎప్పుడైనా ఉండబట్టలేక నేను నోరు తెరిస్తే, “ఎవరు చెప్పారు నీకు అలా ఉంటుందని? ఆధారం ఏది?” అనేవాడు. అంతే, నేను మరో కాగితం తీసుకునేదాన్ని.

ఆధారం లేని జెండాలు కూడా ఉండేవి. ఎవడో చిన్న సంస్థానాధీశుడు ఒక్క యుద్ధం కోసం నాలుగు ఊళ్ళ మనుషులను పోగేసి ఒక దళం నిలబెడతాడు. యుద్ధం అవగానే దళం చెదిరిపోతుంది, జెండా ఎలుకలపాలవుతుంది. అది ఎలా ఉండేదో చూసినవాడు లేడు, రాసినవాడు లేడు. అలాంటప్పుడు నాన్నది ఒకటే మాట. తెలియనిది చుట్టి పెట్టాలి. ఆ రోజుల్లో ప్రయాణంలో ఉన్న దళాలు జెండాను కర్రకు చుట్టి, వాన తగలకుండా మైనపు గుడ్డ గొట్టం తొడిగేవి. మన బొమ్మ చేతిలో కూడా అలాగే పెట్టేస్తే అబద్ధం ఆడినట్టు కాదు, తెలియదని చెప్పుకున్నట్టూ ఉంటుంది. ఈ ఒక్క నియమం కోసం నేను ఆయన చింపిన కాగితాలన్నీ క్షమించాను. ఊళ్ళో ఎవరేం చేసినా మా ఇంట్లో ఊహించి గీసిన జెండా ఉండదు అని నలుగురిలో గొప్పగా చెప్పుకునేదాన్ని.

ఆ వానాకాలం మా ఊరి పళ్ళ డాక్టరు ఒక యుద్ధం మొత్తం కావాలన్నాడు. రెండు వైపుల సైన్యాలూ, గుర్రాలూ, ఫిరంగులూ, జెండాలతో సహా. ఊళ్ళో సగం మంది నోళ్ళలో చెయ్యి పెట్టిన మనిషి, మా బొమ్మల ముందు మాత్రం చేతులు కట్టుకుని నిలబడేవాడు. వానలు ఎడతెరిపి లేకుండా పడుతున్నాయి. జిగురు ఆరదు. మామూలు రోజుల్లో జెండాను కర్రకు అంటించాక, తడి పూర్తిగా పోకముందే అల్లిక సూది మీద ఏటవాలుగా చుట్టి వదిలితే గాలికి ఎగిరే పట్టుగుడ్డలా ముడత నిలుస్తుంది. ఆ నెలల్లో సూది తీయగానే చప్పున వాలిపోయేవి. తడిసిన బనీనుల్లా వేలాడుతున్న జెండాలను చూసి నాకు ఏడుపొచ్చేది.

అలాంటి ఒక సాయంత్రం డాక్టరు వచ్చి, వరండాలో వరసగా నిలబడ్డ దళాలను ఒంగి ఒంగి చూసి, చివరిదాని దగ్గర ఆగాడు. మధ్యలో జెండా మోసేవాడి చేతిలో గొట్టం తొడిగిన కర్ర ఉంది.

“వీడేంటమ్మా, గొడుగు పట్టుకొచ్చాడు?” అన్నాడు.

“ఆ దళం జెండా ఎలా ఉండేదో ఎవరికీ తెలియదు డాక్టరుగారూ. అందుకని చుట్టి పెట్టాం.”

“యుద్ధంలో అందరికన్నా ముందు కొండ ఎక్కింది వీళ్ళేనమ్మా. నా బల్ల మీద కూడా వీళ్ళే ఎక్కాలి. గొడుగేసుకుని ఎక్కితే మా వాళ్ళు పడీపడీ నవ్వుతారు.”

నేను ఏదో అనబోయేలోగా అన్న సీసం గరిటె కింద పెట్టి వచ్చాడు. “విప్పే ఇస్తాం లెండి. మీరు నిశ్చింతగా ఉండండి” అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. జెండాలు నావి. మాట ఇవ్వడానికి అన్న ఎవరు?

డాక్టరు గొడుగు తెరుచుకుని సందు మలుపు తిరిగేదాకా ఆగాను. తర్వాత ఆగలేదు. మాట మీద మాట పెరిగి ఇద్దరం ముందుగదిలోకి, నాన్న కుర్చీ ముందుకి వచ్చిపడ్డాం. వదిన బట్టలు మడతపెడుతున్నదల్లా ఆపింది.

“ఊహించి గీయమని ఎవరన్నారే?” అన్నాడు అన్న. “ఆ జెండా నేను చూశాను. తెల్ల గుడ్డ, ఆకుపచ్చ అంచు, మధ్యలో నల్ల ఎలుగుబంటి. ఎర్ర నాలుక.”

“ఎక్కడ చూశావు?”

“ఇక్కడే. ఈ బల్ల మీదే.” నాన్న వైపు తిరిగాడు. “మీరు చేస్తుంటే చూశాను నాన్నా. బల్ల కింద కూర్చుని సీసం ముక్కలతో ఆడుకుంటుంటే నన్ను ఎత్తి చూపించారు. నాలుక పెట్టడం ఒక్కటే మిగిలింది, చూడు అన్నారు. మర్చిపోయారా?”

నేను కూడా నాన్న వైపే చూశాను. ఆయన భూతద్దాన్ని పంచె అంచుతో తుడుస్తున్నాడు. తొందరేమీ లేదు. తుడిచి, ఎత్తి చూసుకుని, మళ్ళీ తుడిచాడు.

“ఈ ఇంట్లో అలాంటిది ఎప్పుడూ లేదు” అన్నాడు.

“నాన్నా, నేను...”

“ఎలుగుబంటీ లేదు, ఏమీ లేదు. డాక్టరుకి మాట ఇచ్చేసి వచ్చి నా పేరు వాడుకుంటున్నావేంట్రా? తెలియనిది చుట్టి పెట్టాలి. ఈ ముక్క దానికి ఎక్కింది, నీకు ఎక్కలేదు.”

నన్ను ఆయన మెచ్చుకోవడం అదే మొదలు. ఆ మెప్పు ఎలా వచ్చిందో ఇప్పుడు తలుచుకుంటే అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఆ నిమిషాన మాత్రం నాకు తల ఆకాశానికి తగిలింది. నాన్న అబద్ధం ఆడతాడని అనుకోవడం నాకు చేతకాదు. ఎవరో ఒకరు కథలు అల్లుతున్నారు, అది అన్నే అయివుండాలి. ఆ మాటే పైకి అన్నాను.

అన్న నాతో పోట్లాడలేదు. నాన్ననే చూస్తూ నిలబడ్డాడు. ఏదో ఒకటి అంటాడని, కనీసం గుర్తులేదనైనా అంటాడని ఎదురుచూశాడనుకుంటాను. గుర్తులేదు అంటే సరిపోయేది. నాన్న భూతద్దం ఎత్తి కిటికీ వైపు తిరిగాడు.

ఆ వారంలోనే అన్నా వదినా బజారు అవతల రెండు గదుల వాటాలోకి మారిపోయారు. సామాను రిక్షాలో పెడుతుంటే వాన కురుస్తూనే ఉంది. నాన్న కిటికీ దగ్గర కుర్చీలోనే ఉన్నాడు. పరుపు తడుస్తోందని వదిన కేకేసినప్పుడు, లోపల గోనెపట్టా ఉంది తీసుకెళ్ళండి అన్నాడు. కొడుకు ఇల్లు వదిలి వెళ్తుంటే ఆ తండ్రి నోట వచ్చిన మాట అది.

తర్వాత ఆ యుద్ధమంతా నా నెత్తిన పడింది. బొమ్మలకు రంగులు నేనే, జెండాలు నేనే. సీసం పోయడం నాకు సరిగా రాదు. బొమ్మలు చెయ్యి లేకుండా, తుపాకి మొన లేకుండా అచ్చులోంచి ఊడి వచ్చేవి. అన్నీ అన్న వల్లే అని తిట్టుకుంటూ మళ్ళీ కరిగించేదాన్ని. నాన్న భూతద్దంతో చూసి చింపుతూనే ఉన్నాడు.

ఒక మధ్యాహ్నం వదిన వచ్చింది. అన్న సన్న కుంచెలూ కళ్ళజోడూ ఇక్కడే ఉండిపోయాయట. నాన్న పక్కగదిలో పడుకుని ఉన్నాడు. వదిన గొంతు తగ్గించలేదు.

“మీ అన్న ఇప్పుడు దుకాణాలకి బోర్డులు రాస్తున్నాడు. తెలుసా నీకు?”

“బాగున్నాడా?”

“ఏం బాగు? అక్షరం సగం రాసి కుంచె పట్టుకుని ఆగిపోతాడు. ‘ఏమే, నాలుక ఎర్రగానే ఉంది కదా’ అంటాడు. నన్నడిగితే నాకేం తెలుసు? నేను చూశానా? మొన్న భోజనం దగ్గర కంచం ముందు కూర్చుని, నిజంగా చూశానా, కల కన్నానా అంటాడు. నలభై ఏళ్ళ మనిషి. తన కళ్ళమీద తనకే నమ్మకం పోయింది. మామయ్యగారు చెప్పాక ఇక లేనట్టేగా.”

“మాట ఇవ్వకుండా ఉండాల్సింది వదినా.”

వదిన నన్ను ఎగాదిగా చూసింది. “మాట సంగతి ఎవరు అడిగారు నిన్ను?” అని కుంచెలు కొంగులో చుట్టుకుని వెళ్ళిపోయింది. మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

వానలు తెరిపి ఇచ్చిన రోజు డాక్టరు వచ్చాడు. చంకలో కాగితం చుట్టిన పెద్ద పుస్తకం. చెప్పులు విప్పకుండానే వరండా ఎక్కాడంటే ఎంత ఆనందంలో ఉన్నాడో అర్థమైంది.

“దొరికిందమ్మా మీ ఆధారం. కొత్తగా వచ్చింది. ఆ కాలపు జెండాలన్నీ రంగుల్లో వేశారు. మీ గొడుగు దళం కూడా ఉంది. ఇక విప్పక తప్పదు.”

బల్ల మీద పుస్తకం తెరిచాడు. తెల్ల గుడ్డ. ఆకుపచ్చ అంచు. వెనక కాళ్ళ మీద లేచిన నల్ల ఎలుగుబంటి. ఎర్ర నాలుక.

నాకు ముందు కలిగింది సంతోషమే. అన్న అబద్ధం ఆడలేదు. ఎక్కడో ఏదో పుస్తకంలో బొమ్మ చూసి ఉంటాడు, చిన్నతనం కదా, ఇంట్లో చూశాననుకున్నాడు. నాన్నదీ తప్పు లేదు, అన్నదీ తప్పు లేదు. పరుగెత్తుకెళ్ళి ఇద్దరికీ చెప్పొచ్చు. అంతా ఒక్క క్షణంలో సర్దుకుపోయింది.

అప్పుడు ఆ చార కనబడింది.

కర్ర ఉండే వైపు, జెండా పైనుంచి కిందిదాకా, ముదురు గోధుమరంగు చార ఒకటి ఉంది. అందులో నిలువునా సన్నసన్న లేత గీతలు. పక్కన చిన్న అక్షరాల్లో, కర్రవైపు ఈ పట్టీ ఈ దళానికే ప్రత్యేకమైనది, మరే దళానికీ కనబడదు అని రాసి ఉంది.

కనబడదు మరి. ఎలా కనబడుతుంది? అది గుడ్డ కాదు. మా జెండాలు ఒకే కాగితం మీద గీస్తాం, ముందు ముఖం ఒకవైపు, వెనక ముఖం ఒకవైపు. రెంటికీ మధ్య సన్నటి ఖాళీ వదులుతాం. కాగితాన్ని మడిచి అంటించేటప్పుడు ఆ ఖాళీ కర్ర చుట్టూ తిరుగుతుంది. అందరూ దాన్ని తెల్లగా వదిలేస్తారు, లేదంటే జెండా రంగే పూసేస్తారు. నాన్న మాత్రం అక్కడ కర్ర రంగు వేసి, చెక్క నారలు కనబడేలా లేత గీతలు గీస్తాడు. నాకూ అదే నేర్పాడు. గీతలు వంకర పోయాయని నావి ఎన్ని చింపాడో. ఈ పని చేసేవాళ్ళు ఇంకెవరూ లేరు. పుస్తకం వేసినవాళ్ళకు నాన్న చేసిన బొమ్మ ఎక్కడో దొరికింది. దాన్ని చూసింది చూసినట్టు దించేశారు. జెండాతోపాటు కర్రను కూడా.

“ఏమ్మా, అలా అయిపోయావు?” అన్నాడు డాక్టరు.

“ఈ పుస్తకం నా దగ్గర ఉంచండి. తర్వాత మాట్లాడతాను.”

ఆయన పాపం ఇంకేమీ అడగలేదు. తర్వాత ఉన్నదున్నట్టు చెప్పాను. ఆ దళం గొట్టం తొడిగిన జెండాతోనే ఆయన బల్ల మీది కొండ ఎక్కింది. ఆయన స్నేహితులు నవ్వారో లేదో నాకు తెలియదు.

పుస్తకం తీసుకెళ్ళి నాన్న ఒళ్ళో పెట్టాను. పెట్టానంటే, పడేశాను. ఆయన అలవాటుగా భూతద్దం ఎత్తాడు. ఎలుగుబంటి మీదికి వెళ్ళింది, అంచు మీదికి వెళ్ళింది, చార దగ్గర ఆగింది. అక్కడే ఉండిపోయింది.

“అది కర్ర రంగు” అన్నాను.

భూతద్దం పుస్తకం మీద పెట్టేశాడు.

“ఎవరు చెప్పారు మీకు ఎలుగుబంటి అని? ఆధారం ఏది?”

“అప్పుడు నేను కుర్రాణ్ణి” అన్నాడు. “ఒకాయన వచ్చి, నీకు తెలియని జెండా ఉండదటగా అన్నాడు. తెలియదు అనలేకపోయాను. ఎలుగుబంటి బాగుంటుందనిపించింది. తర్వాత మనసు ఒప్పుకోక, ఇంకెప్పుడూ అలా చేయలేదు. అప్పుడే ఆ నియమం పెట్టుకున్నాను.”

“అది మీ సంగతి. అన్న అడిగినప్పుడు?”

“నీ ముందు అడిగాడు.”

“నా ముందు అయితే?”

“నీ జెండాలు అన్ని చింపాను” అన్నాడు. “ఎలా చెప్పమంటావు?”

జాలి పడాల్సిన చోటే నాకు జాలి రాలేదు. నా ముందు తలెత్తుకోవడానికి కొడుకు తల దించాడు. ఆ కొడుకు రోడ్డు పక్కన నిచ్చెన మీద నిలబడి తన కళ్ళను తనే అనుమానించుకుంటుంటే, ఈయన ఇక్కడ ఎండపొడ చూసుకుని కుర్చీ జరుపుకుంటున్నాడు. ఇదంతా నేను అన్నాను. ఇంకా చాలా అన్నాను. అన్నవాటిలో ఒక్కటి కూడా వెనక్కి తీసుకోను.

అంతా విని, పుస్తకం మూసి, చేత్తో అట్ట నిమిరాడు. “పోనీలే, విప్పే చెయ్యి” అన్నాడు. “డాక్టరు సంతోషిస్తాడు. పుస్తకంలో ఎక్కిందిగా ఇక.”

అప్పుడు నాకు కోపం కూడా చాల్లేదు. నడవలో ఫోను దగ్గరికి వెళ్ళి అన్న వాటా ఇంటివాళ్ళ నంబరు తిప్పాను. వాళ్ళు పిలిచారు. అన్న వచ్చేదాకా అటువైపు ఎవరో రేడియో వింటున్నారు.

“అన్నా, నువ్వు చూసింది నిజమే.”

రేడియో తగ్గించమని అటువైపు ఎవరికో చెప్పాడు.

“నాలుక?” అన్నాడు.

“ఎర్రగానే ఉంది.”

గట్టిగా ఊపిరి తీసుకున్నాడు. ఏడుస్తున్నాడేమో అనుకున్నాను. కాదు. మళ్ళీ మాట్లాడినప్పుడు గొంతు గట్టిగానే ఉంది. “నాన్న చెప్పమన్నాడా, నువ్వు చెప్తున్నావా?”

“నేనే.”

“ఆయన్ని చెప్పమను” అని పెట్టేశాడు.

తిరిగి చూస్తే నాన్న గోడ పట్టుకుని నడవ దాకా వచ్చి ఉన్నాడు. “ఏమన్నాడు?” అన్నాడు.

“మీరు చెప్పాలట.”

“ఏమని చెప్పను?”

నేను పక్కకు తప్పుకున్నాను. ఆయన ఫోను ముందు స్టూలు మీద కూర్చుని, రిసీవరు తీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు. వేలు డయల్ దాకా వెళ్ళి గాల్లో ఆగింది. అటూ ఇటూ చూశాడు. ఇన్నాళ్ళూ అన్న అక్కడే ఉన్నాడు, ఈయన ఒక్కసారి కూడా ఫోను చేయలేదని అప్పుడు నాకు అర్థమైంది.

“నంబరు?” అన్నాడు.

“కొడుకు నంబరు తెలియదా మీకు?”

“తెలియదు” అన్నాడు. ఆ మాట ఆయన నోట నేను ఎప్పుడూ వినలేదు. నా వైపు చూడకుండా, “వాడు ఎప్పుడూ ఇంట్లోనే ఉండేవాడు కదా” అన్నాడు.

ఒక్కో అంకే చెప్పాను. డయల్ మాత్రం నేను తిప్పలేదు.